వైరింగ్ ఒక్కటే మిగిలింది

పాత హ్యాచ్‌బ్యాక్ ఒకటి అమ్మకానికి పెట్టారు. పెద్ద ఇంజిన్ ఎక్కించారట. 200 హార్స్‌పవరట. పని 95 శాతం అయిపోయిందట. ఇక వైరింగ్ ఒక్కటే మిగిలిందట.

పెళ్లి పనులన్నీ అయిపోయాయి, అమ్మాయి ఒప్పుకోవడం ఒక్కటే మిగిలింది అన్నట్టుంది వరస.

ఇలాంటి ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. కారు మారుతుంది, రంగు మారుతుంది, ఆ చివరి వాక్యం మాత్రం మారదు. ఫొటో కూడా మారదు. బానెట్ తెరిచే ఉంటుంది, ఎందుకంటే అది మూతపడదు. డ్యాష్‌బోర్డు కింద నుంచి రంగురంగుల వైర్లు వేలాడుతుంటాయి. టైర్లలో గాలి ఉండదు. 95 శాతం దగ్గర పని ఎప్పుడు ఆగిపోయిందో చక్రాల చుట్టూ మొలిచిన గడ్డి చెబుతుంటుంది. వైరింగ్ అంత చిన్న పనే అయితే అదేదో చేసేసి, తిరిగే కారుగానే అమ్ముకోవచ్చు కదా అని మాత్రం అడక్కండి. అది మర్యాద కాదు.

అసలు ఆ 95 శాతం లెక్క ఎలా తేలిందో పరిశీలించడం మన బాధ్యత. ఇంజిన్ బరువుగా ఉంటుంది, కంటికి కనిపిస్తుంది, దించుతుంటే నలుగురూ చేరి చూస్తారు. కాబట్టి దానికి 95. కనిపించనివి, అంటే పెట్రోలు అందడం, కరెంటు అందడం, వేడి చల్లారడం, బండి ఆగడం, ఇవన్నీ కలిపి 5. ఇది ప్రపంచమంతా అంగీకరించిన లెక్క. ఎక్కడ ఏ షెడ్డులో అడిగినా ఇదే చెబుతారు.

ఇంజిన్ మార్చడమే పాపమని నేననడం లేదు. హ్యాచ్‌బ్యాక్‌ల చరిత్రలో రుచిగల భాగమంతా అదే. 1976లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు తమ హ్యాచ్‌బ్యాక్ గోల్ఫ్‌లో 1.6 లీటర్ల, 110 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టి జీటీఐ అని పేరు పెట్టారు. 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకున్నారు. మొదటి తరంలోనే నాలుగున్నర లక్షలు దాటాయి. తొంభైల మొదట్లో మూడో తరం గోల్ఫ్‌లోకి ఆరు సిలిండర్ల 2.8 లీటర్ల వీఆర్6ను దూర్చారు. దాంట్లో రెండు వరసల సిలిండర్ల మధ్య కోణం 15 డిగ్రీలే. అందుకే రెంటికీ కలిపి సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్ ఒకటే సరిపోయింది, అందుకే నాలుగు సిలిండర్లు పట్టే చోట ఆరు ఇమిడాయి. అంటే ముందు కొలిచారు, తర్వాత దూర్చారు. ఈ వరస గుర్తుపెట్టుకోండి.

హోండా సంగతి ఇంకా బాగుంటుంది. పాత సివిక్ హ్యాచ్‌బ్యాక్‌లలో బీ సిరీస్ ఇంజిన్ పెద్దగా గొడవ లేకుండా కూర్చుంటుంది. ఎందుకు కూర్చోదు? 1989లోనే కంపెనీ జపాన్‌లో బీ16ఏ ఇంజిన్‌తో సివిక్ అమ్మింది, 1.6 లీటర్లలోంచి 160 హార్స్‌పవర్ తీసింది. కష్టమంతా ఎవరో ఇంజినీరు ముందే పడ్డాడు. అదే కారులో 2001లో వచ్చిన కే సిరీస్ ఇంజిన్ కే20 పెట్టాలనుకోండి. పాత బీ సిరీస్ ఒక దిశలో తిరుగుతుంది, కే సిరీస్ దానికి ఎదురు దిశలో తిరుగుతుంది. గేర్‌బాక్స్ ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతుంది. దాంతో ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంట్లు, చక్రాలను తిప్పే షాఫ్టులు, సైలెన్సర్ గొట్టం, అన్నీ మొదటి నుంచి మొదలు. మనవాడు చేసేది ఈ రెండో రకం పని, చెప్పేది మొదటి రకం మాట. “నేరుగా కూర్చుంటుంది బ్రో.”

నేరుగా కూర్చోవడం ఎలా ఉంటుందో చూద్దాం రండి. చైన్ బ్లాక్‌కి ఇంజిన్ వేలాడుతోంది. గొలుసు లాగేవాడొకడు, కారు కింద పడుకున్నవాడొకడు, ఏ పనీ చేయకుండా “దించు, దించు, ఆగు, కొంచెం ఎడమకి” అనేవాడొకడు. ఈ మూడోవాడు లేకుండా ఇంతవరకు ఏ షెడ్డులోనూ ఏ ఇంజినూ దిగలేదు.

“దిగిందా?”

“దిగింది అన్నా. చివర్లో ఆగింది.”

“దేనికి తగిలి ఆగింది?”

“కారుకి.”

ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ వెళ్లి స్టీరింగ్ ర్యాక్ మీద కూర్చుంది. అటుపక్క పుల్లీ లోపలి ఛాసిస్ పట్టీకి రాసుకుంటోంది. ఇప్పుడు రెండు దారులున్నాయి. ఇంజిన్ పైకి తీసి కొలతలు చూడటం ఒకటి, సుత్తి ఇంకొకటి. సుత్తిదే గెలుపు. ఎక్కడైనా గుద్దుకుంటే ముడుచుకుని లోపలివాళ్ల ఎముకలు కాపాడాలని ఇంజినీర్లు లెక్కగట్టి పెట్టిన పట్టీ అది. గుద్దుకునేదాకా ఆగడం ఎందుకని మనవాళ్లు ముందే ముడిచేస్తారు.

మూడు మౌంట్లలో రెండు కలుస్తాయి. మూడోదానికి ఇనప ముక్క తెచ్చి వెల్డింగ్ పెడతారు. ముక్క కొత్తదే, అది అతికిన చోటే తుప్పు. రబ్బరు బుష్‌లు ఊగుతున్నాయని వాటి బదులు గట్టి పాలీయురేథేన్‌వి వేస్తారు. అప్పటి నుంచి ఇంజిన్ కదలదు, కారులో మిగతావన్నీ కదులుతాయి. అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది. డ్రైవ్‌షాఫ్టుల లోపలి కొస ఇంజిన్ ఇచ్చిన కారుది, బయటి కొస ఈ కారుది, నడుమ వెల్డింగ్ మేస్త్రీది. ఒక పక్కది పొడుగు, ఇంకో పక్కది పొట్టి. యాక్సిలరేటర్ తొక్కగానే స్టీరింగ్ తనంతట తానే ఒక పక్కకు గుంజుతుంది. కంపెనీలవాళ్లు దీన్ని జబ్బుగా చూసి, రెండు షాఫ్టులూ ఒకే పొడవు వచ్చేట్టు చేసి తగ్గించుకుంటారు. మనవాళ్లు మురిసిపోతారు. “పవర్ తెలుస్తోంది కదన్నా?”

ఇక బానెట్. పడదు. కోస్తారు. కోసిన కంతను గాలి కోసం పెట్టామంటారు. ఆ గాలి ఎక్కడికి వెళ్తుందయ్యా అంటే “లోపలికి” అంటారు.

ఇదంతా 95 శాతంలోది. ఇప్పుడు మిగిలిపోయిన ఆ చిన్న పని దగ్గరికొద్దాం. పాత కారులో కరెంటుతో పనేముంది? లైట్లు, హారన్, వైపర్లు, స్టార్టర్, కాయిల్. కార్బురేటర్ బండైతే చాలావాటిలో పెట్రోలు పంపు కూడా ఇంజిన్ తిప్పితేనే తిరిగేది. కొత్తగా వచ్చిన ఇంజిన్‌కి కంప్యూటర్ ఉంది, ఆ కంప్యూటర్‌కి బోలెడు సందేహాలున్నాయి. గాలి ఎంత వస్తోంది? క్రాంక్ ఎక్కడుంది, క్యామ్ ఎక్కడుంది? నీళ్లు ఎంత వేడెక్కాయి? పొగలో ఆక్సిజన్ ఎంత? పెట్రోలు 3 బార్ల ఒత్తిడితో రావాలి కదా, ఈ కార్బురేటర్ పంపు అందులో పదో వంతు ఇచ్చి ఊరుకుందేం? వీటన్నిటికంటే ముందు ఇంకో ప్రశ్న వేస్తుంది. తాళం ఏది?

తాళం లేదు. తాళంలోని చిప్ ఇంజిన్ ఇచ్చిన కారు పాత యజమాని జేబులో ఎక్కడో ఉంది. సొంత తాళం లేనిదే బండిని నడవనివ్వని ఇమ్మొబిలైజర్ దృష్టిలో ఇది దొంగతనం. చూట్టానికి అలాగే ఉంది కూడా. అది చాలా పద్ధతిగా ఇంజిన్‌ను ఒక్క క్షణం తిరగనిచ్చి, తాళం గుర్తుపట్టక ఆపేస్తుంది. ఆ ఒక్క క్షణానికి షెడ్డులో చప్పట్లు చూడాలి! కౌగిలింతలు. ఒకడి కళ్లలో నీళ్లు. మూడోవాడు ఫోన్‌లో వీడియో తీశాడు, ఎందుకంటే వాడికి వేరే పని లేదు. తర్వాత “స్టార్ట్ అవుతుంది” అని ప్రకటనలో రాసింది ఈ క్షణం గురించే. అబద్ధం కాదు. స్టార్ట్ అవుతుంది. ఉండదు, అంతే.

అక్కడి నుంచి కంప్యూటర్‌తో అబద్ధాలు మొదలవుతాయి. అది అడిగిన సెన్సర్ కారులో లేకపోతే ఆ వైరుకి సెన్సర్ లాగే కరెంటును అడ్డుకునే చిన్న ముక్క, రెసిస్టర్ ఒకటి తగిలిస్తారు. కంప్యూటర్ నమ్మి ఊరుకుంటుంది. స్పోర్ట్స్ స్టీరింగ్ బిగించాక ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతోందని, ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట కూడా రెసిస్టర్ పెట్టి దీపం ఆర్పేసేవాళ్లున్నారు. దీపం ఆరింది కాబట్టి సమస్య తీరింది. ఇవన్నీ తెలిసిన వైరింగ్ మనిషి ఒకాయన ఉంటాడు. ప్రతి షెడ్డుకీ ఆయన తెలుసు. ప్రతి షెడ్డుకీ ఆయన వచ్చే వారమే వస్తాడు.

ఆ 200 హార్స్‌పవర్ గురించి ఎక్కువ మాట్లాడను. అది ఆ ఇంజిన్ కొత్తగా ఉన్నప్పుడు, తన సొంత కారులో, తన సైలెన్సర్‌తో, తన కంప్యూటర్‌తో ఇచ్చిన అంకె. తుక్కు కింద వచ్చిన ఇంజిన్‌కి కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఇంకా నిలుస్తోందా, చూశారా అని అడిగితే “తక్కువ తిరిగిన బండే” అంటారు. తుక్కులో ఎక్కువ తిరిగిన బండి నాకు ఇంతవరకు కనబడలేదు. అన్నీ పాపం చిన్న వయసులోనే పోయినవే.

ఆ ప్రకటన కింద ఇంకో ముక్క కూడా ఉంది. ఇంతసేపూ దాని జోలికి పోలేదు. “బ్రేకులు కంపెనీవే, ముట్టుకోలేదు.” గొప్పగా రాశాడు, మార్పులు చేయని భాగం కాబట్టి నమ్మకంగా కొనండి అన్నట్టు.

1984లో పెజో 205 జీటీఐ వచ్చింది. 1.6 లీటర్లు, 105 హార్స్‌పవర్, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు. తర్వాత 1.9 లీటర్ల 130 హార్స్‌పవర్‌ది తెచ్చినప్పుడు వెనక డ్రమ్ములు తీసేసి డిస్కు బ్రేకులు పెట్టారు. పెరిగింది 25 హార్స్‌పవర్! ఆ మాత్రానికే వెనక బ్రేకులు మార్చారు. వీఆర్6 గోల్ఫ్‌కి పెద్ద డిస్కులు వేయడమే కాదు, చక్రానికి ఉండే నాలుగు బోల్టుల చోట అయిదు పెట్టారు. ఇవి పద్ధతైన కార్లు. పద్ధతి లేనిది కూడా ఒకటుంది. 2007లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీయే వెనక సీటు తీసేసి, ఆ స్థానంలో 12 సిలిండర్ల, 650 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టి ఒక గోల్ఫ్‌ను ప్రదర్శనకు తెచ్చింది. అమ్మడానికి కాదు, జనం నోరెళ్లబెట్టడానికి. ఆ తమాషా కారుకు కూడా ముందు బ్రేకులు ఆడి నుంచి, వెనకవి లంబోర్గినీ నుంచి తెచ్చి వేశారు. పిచ్చిపని చేసేటప్పుడు కూడా అది ఎలా ఆగుతుందో ముందు చూసుకున్నారు.

నువ్వేం చేశావు? 60 హార్స్‌పవర్ కారుకి 200 చేశావు. డ్రమ్ములు గుడ్డతో తుడిచావు.

ఒరేయ్ నాయనా, వేగం ఒకటిన్నర రెట్లయితే ఆపాల్సిన శక్తి రెండుంపావు రెట్లవుతుంది. 80లో వెళ్లే కారుని ఆపడానికి, 120లో వెళ్లే అదే కారుని ఆపడానికి ఉన్న తేడా అది. ఆ శక్తంతా వేడిగా మారి ఆ చిన్న డిస్కుల్లోకే పోవాలి. బ్రేక్ ఆయిల్ కొత్తదైతే, డాట్ 4 రకానిది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. నీ కారులో ఉన్నది ఎప్పటిదో నీకు తెలియదు. అది మరిగితే లోపల ఆవిరి బుడగలే మిగులుతాయి, పెడల్ నేలకు తగులుతుంది, కారు మాత్రం వెళ్తూనే ఉంటుంది. ఆ టైర్ల మీద వేగానికి హద్దు చెప్పే అక్షరం ఒకటుంటుంది. ఎప్పుడైనా వంగి చదివావా?

“బ్రేకులు తర్వాత చూద్దాం” అంటావు. ఎప్పుడు తర్వాత? ఏది జరిగిన తర్వాత? నా కారు, నా ప్రాణం, నా ఇష్టం అంటావు. నీ ప్రాణం నీ ఇష్టమే, ఒప్పుకుంటా. పిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతున్నావిడ నీ ప్రాజెక్టులో ఎప్పుడు చేరింది? ఎదురుగా సైకిల్ మీద వచ్చేవాడు ఏ కాగితం మీద సంతకం పెట్టాడు? ఇంజిన్ మారిన సంగతి బీమా కంపెనీకి చెప్పవు, చెబితే ఒప్పుకోరని నీకు తెలుసు. రేపు ఎవరినైనా గుద్దితే బీమావాళ్లు డబ్బు కట్టబోమని అడ్డం తిరగొచ్చనీ తెలుసు. అంటే దెబ్బ తిన్న మనిషి ఆసుపత్రి ఖర్చు కూడా నీ “తర్వాత చూద్దాం”లోనే ఉందన్నమాట. ఇది సరదా కాదు, సిగ్గులేనితనం. ఇంజిన్‌కి పెట్టిన డబ్బులో చిన్న భాగంతో డిస్కులు, క్యాలిపర్లు, మాస్టర్ సిలిండర్ వచ్చేవి. నువ్వు బానెట్ ఎత్తితే జనం చూస్తారు, చక్రం వెనక ఉన్న డిస్కును ఎవరూ చూడరు. నీ బాధంతా అదే.

పద్ధతిగా చేసేవాళ్లు లేకపోలేదు. వాళ్లు ఇంజిన్ ఒక్కటే కొనరు, ఎక్కడో దెబ్బ తిన్న పూర్తి కారు కొంటారు. తాళం, కంప్యూటర్, వైర్ల కట్ట, హబ్బులు, బ్రేకులు అన్నీ దాన్నుంచే తీస్తారు. పాత ఇంజిన్ ఉండగానే ముందు బ్రేకులు మార్చి, కొన్నాళ్లు ఆ నీరసపు కారునే నడిపి, బాగా ఆగుతోందని నమ్మకం కుదిరాకే రెండో పని మొదలెడతారు. వాళ్ల షెడ్డులో చప్పట్లు వినబడవు. వాళ్ల కారు అమ్మకానికీ రాదు.

మన వీరుడికి ఇంకో విద్య కూడా ఉంది, బరువు తగ్గించడం. ముందు భాగంలో కొత్త ఇంజిన్ బరువు పెరిగింది కాబట్టి వెనక భాగంలో తగ్గిస్తాడు. స్టెప్నీ తీసేస్తాడు, కార్పెట్ తీసేస్తాడు, చివరికి వెనక సీటు కూడా పీకేస్తాడు. వెనక తేలికైతే గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు వెనక చక్రాలు ఇంకా తొందరగా లాక్ అవుతాయని ఎవరూ చెప్పరు. అయినా ఆ సీటు తీసినందుకు మాత్రం నేను మెచ్చుకుంటాను. ఇక ఆ కారులో ఇద్దరికి మించి ఎక్కలేరు. ఇన్నాళ్ల పనిలో ప్రాణాలు కాపాడే మార్పు ఏదైనా చేశాడంటే అదే, అదీ బరువు కోసం చేశాడు.