రామప్ప చెప్పులకు జై, జీన్స్ ప్యాంటుకు ఛీ!

మా ఫ్యామిలీ గ్రూపులో మొన్న పొద్దున్నే ఒక ఫోటో పడింది. పాలరాతి గ్రీకు విగ్రహం, ఒంటిమీద జీన్స్, కళ్లకు కూలింగ్ గ్లాసెస్. కింద మా బాబాయ్ కామెంట్: "కలికాలం. శిల్పాలను కూడా వదల్లేదు." దానికి వరసగా దండాల బొమ్మలు. ఉప్పల్లో మెట్రో ఎక్కిన దగ్గర్నుంచి అమీర్‌పేట వచ్చేదాకా జవాబు టైప్ చేయడం, చెరిపేయడం. పెద్దాయనతో గ్రూపులో గొడవెందుకని ఇక్కడ రాస్తున్నా.

అసలు ఆ విగ్రహానికి ఎవరూ ప్యాంటు తొడగలేదు బాబాయ్. లియో కయార్ అనే ఫ్రెంచ్ కళాకారుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో విగ్రహాలను ఫోటో తీశారు. అవే భంగిమల్లో మనుషులను బట్టలతో నిలబెట్టి మళ్లీ తీశారు. రెండూ కంప్యూటర్లో అతికించారు. రాయికి గీత కూడా పడలేదు. తర్వాత ఆయన శిల్పాలు చేయడంలోకి కూడా దిగారు.

పైగా మనం తెల్లగా చూసి మురిసిపోయే ఆ పాత గ్రీకు బొమ్మలకు అప్పట్లో రంగులు వేసేవాళ్లు, మన గోపురాల మీద వేసినట్టే. ఎండకీ వానకీ మట్టికీ ఆ రంగు పోయింది. పోయాక మిగిలిన తెలుపుకి మనం క్లాసికల్ అని పేరు పెట్టుకున్నాం.

నాకు ఒళ్లు మండింది ఇంకొకందుకు. పోయిన నెల ఇదే బాబాయ్ రామప్ప గుడిలోని మదనిక అనే స్త్రీ శిల్పం ఫోటో పంపారు, కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్న ఆవిడ. "హైహీల్స్ మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు" అని ఒకటే గర్వం. 1213 నాటి గుడి అది. కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు కాకుండా శిల్పి పేరే గుడికి నిలిచిపోయిందని చెప్పుకుంటాం. ఆ శిల్పి తన కాలంలో ఎవరి కాళ్లకో చూసిందే చెక్కి ఉంటాడని నా ఊహ. అప్పుడు కూడా ఏ మంటపంలోనో ఒక బాబాయ్ పెదవి విరిచే ఉంటాడు!

అలాగని రాతిబొమ్మ చేతిలో ఫోన్ పెట్టిన ప్రతివాళ్లకీ నేను చప్పట్లు కొట్టను. బుద్ధుడి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ లాంటివి చూసీ చూసీ విసుగొచ్చింది. ఆ ఫోన్ పీకేస్తే మిగిలేది మామూలు నకలు బొమ్మ. ఇటలీ కళాకారుడు క్వయోలా పని అలా కాదు. పాములు చుట్టేసిన తండ్రీకొడుకుల లాకూన్ శిల్పం 1506లో రోమ్‌లో తవ్వకంలో బయటపడింది కదా, దాన్ని ఆయన రోబో చేత చెక్కించారు, అదీ పూర్తిగా కాదు. కొంత నున్నగా ఒళ్లు తేలుతుంది, కొంత దగ్గర యంత్రం లెక్క ప్రకారం గీసుకుంటూ పోయిన చారలు అలాగే ఉంటాయి. మైకెలాంజెలో సగంలో వదిలేసిన ఖైదీల బొమ్మలు గుర్తొస్తాయి. అక్కడ ఉలి జాడ, ఇక్కడ కోడ్ జాడ. ఇందులోంచి కంప్యూటర్ని పీకేయడం కుదరదు, పీకితే బొమ్మే లేదు.

మన ఊళ్లో సంగతి చూడండి. హైదరాబాద్ పక్కనే ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహాన్ని చైనాలో ముక్కలుగా పోతపోయించి తెచ్చి బిగించారు. 2022లో అందరం కుటుంబాలతో వెళ్లి దండం పెట్టుకుని వచ్చాం. సంప్రదాయం చెడిందని అక్కడ ఎవరికీ అనిపించలేదు, నాకూ అనిపించలేదు. ఉలి పట్టిన కుర్రాడు సొంత బుర్రతో ఏదైనా చేస్తే మాత్రం కలికాలం. మనం వాళ్లకిచ్చే ఆర్డర్లు రెండే: దేవుడు, లేదంటే నాయకుడు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర ఎప్పుడైనా పావుగంట నిలబడ్డారా? ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన రాయి, నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ నుంచి కొనుక్కొచ్చారు. రాయి పల్చటి గుడ్డలా ఎలా కనిపిస్తోందని వంగి చూసేవాళ్లు తక్కువ. వచ్చేవాళ్లు వస్తారు, ఆమెకు వీపు చూపిస్తారు, సెల్ఫీ తీసుకుంటారు, వెళ్లిపోతారు. శిల్పాన్నీ ఫోన్‌నీ కలిపేసే పని మనమే రోజూ చేస్తున్నాం, ఇంకెవరినో తిట్టడం దేనికి?

ఇదంతా రాసి పోస్ట్ చేయబోతుంటే బాబాయ్ ఫోన్ చేశారు. ఆదివారం సాలార్‌జంగ్‌కి తీసుకెళ్లమన్నారు. మంచి కెమెరా ఉన్న ఫోన్ తెమ్మన్నారు, రెబెక్కా పక్కన ఫోటో దిగాలట.