రెండు కిలోల రైఫిలు మోజులో పడకండి

కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింకల వేటకు బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకూ చేత్తో గడియ లాగి తూటా ఎక్కించే) రైఫిలు కొనాలనుకుంటున్న తెలుగు మిత్రులు ఈమధ్య నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "అన్నిటికన్నా తేలికైనది ఏది?" ఆరేళ్ల క్రితం దుకాణంలో నేనూ అదే ప్రశ్న అడిగాను, అడిగినదే కొనుక్కున్నాను, ఆ తప్పును ఒక మూగజీవి అనుభవించింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ రైఫిలు ఒట్టిగా 2.3 కిలోలు ఉండేది. స్కోపు, దాని బిగింపులు, తూటాలు అన్నీ కలిపినా మూడు కిలోలకు చేరలేదు. తూటా మాత్రం 300 వించెస్టర్ మాగ్నమ్. మగ ఎల్క్ మూడు వందల కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి పెద్ద తూటా ఉండాలని, పదివేల అడుగుల పైచిలుకు ఎత్తులో రోజంతా కొండలెక్కాలి కాబట్టి తేలికైన తుపాకి ఉండాలని నేను లెక్క వేసుకున్నాను. విడివిడిగా చూస్తే రెండు కోరికలూ సబబైనవే, కానీ ఒకే తుపాకిలో కలిస్తే ఒకదానికొకటి శత్రువులవుతాయి.

తూటా పేలినప్పుడు గుండు, మండిన మందు వాయువులు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో వెళతాయో, అంతే ద్రవ్యవేగంతో తుపాకి వెనక్కి వస్తుంది. తుపాకి బరువు తగ్గేకొద్దీ అది వెనక్కి వచ్చే వేగం పెరుగుతుంది, భుజానికి తగిలే శక్తి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 180 గ్రెయిన్ల (దాదాపు 11.7 గ్రాముల) గుండుతో 300 మాగ్నమ్‌ను 2.9 కిలోల రైఫిలులో కాల్చితే సుమారు 47 జౌల్స్ శక్తి భుజం మీద పడుతుంది. 140 గ్రెయిన్ల గుండుతో 6.5 క్రీడ్‌మోర్ అనే చిన్న తూటాను స్కోపుతో కలిపి 3.4 కిలోలున్న రైఫిలులో కాల్చితే పడేది సుమారు 17 జౌల్స్. మూడు రెట్లకు కాస్త తక్కువ తేడా ఇది. కాగితం మీద నేను ఈ లెక్క వేసుకున్నది రైఫిలు కొన్న రెండేళ్లకు.

తుపాకి వెనక్కి తన్నే ఆ తన్నుకు నొప్పి పుట్టడం చిన్న సంగతి. ఇరవై గుండ్లు కాల్చేసరికి మన ప్రమేయం లేకుండానే శరీరం ముందుగా ఉలికిపడటం నేర్చుకుంటుంది. ట్రిగ్గర్ పడకముందే కన్ను మూసుకుంటుంది, భుజం ముందుకు తోసుకొస్తుంది. ఒక మిత్రుడు నాకు కనపడకుండా అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా పెట్టి ఇచ్చాడు. అది పేలకపోయినా నా రైఫిలు మూతి జానెడు కిందికి వాలింది. చిన్నప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో .22 బోల్ట్ రైఫిలు పట్టించి, "ఊపిరి ఆపు, వేలు మెల్లగా" అని మా ఉస్తాద్ నేర్పిన పాఠమంతా ఆ తేలిక తుపాకి ఒక్క వేసవిలో నా చేతుల్లోంచి తుడిచేసింది.

రెండో ఏడు నవంబరులో, వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లో, దాదాపు 240 గజాల దూరాన అడ్డంగా నిలబడిన ఎల్క్ మీద కాల్చాను. అంత మంచి అవకాశం మళ్లీ దొరకదు. చేతికర్రల మీద రైఫిలు ఆనించి కూర్చున్నాను, ఎక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు, తేలిక రైఫిలు గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతోంది, ఆఖరి క్షణాన నేను ఉలికిపడ్డాను. గుండు ఊపిరితిత్తుల్లోకి పోవలసింది పొట్టలోకి పోయింది. ఎల్క్ దట్టమైన చెట్లలోకి వెళ్లిపోయింది, చీకటి పడింది, మర్నాడు మధ్యాహ్నానికి గాని దొరకలేదు. ఆ రాత్రంతా అది ఎలా గడిపిందో నాకు తెలుసు, ఎందుకంటే అది పడుకుని లేచిన ఆరు చోట్లా నెత్తురు చూసుకుంటూ నడిచాను.

నిజానికి ఆ రైఫిలులో లోపం లేదు. దుకాణంలో ఇచ్చిన కాగితం ప్రకారం మూడు గుండ్ల గుంపు 100 గజాల దగ్గర ఒక మినిట్‌ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) లోపు, అంటే దాదాపు ఒక అంగుళంలోపు పడింది. అయితే ఈ మూడు గుండ్ల హామీ గురించి కొత్తగా కొనేవారికి ఎవరూ వివరంగా చెప్పరు. అదే రైఫిలుతో, అదే చేతితో పది గుండ్లు కాలిస్తే గుంపు వెడల్పు సగటున మూడు గుండ్ల గుంపుకు ఒకటిన్నర రెట్లకు పైగా వస్తుంది. ఇది తుపాకి తప్పు కాదు, గణాంకశాస్త్రం. కాబట్టి ఒక అంగుళం అని మురిసిన రైఫిలు నిజంగా అంగుళంన్నర రైఫిలు అనుకోండి. 300 గజాల దగ్గర అది పన్నెండు సెంటీమీటర్లు. మ్యూల్ డీర్ అనే జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు పాతిక సెంటీమీటర్లు, ఎల్క్‌కు అంతకన్నా ఎక్కువ. అంటే వేట దూరాల్లో దాదాపు ప్రతి ఆధునిక రైఫిలూ చాలినంత కచ్చితమైనదే. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి అదే 300 గజాల దగ్గర 6.5 క్రీడ్‌మోర్ గుండును సుమారు 13 సెంటీమీటర్లు పక్కకు నెడుతుంది. గాలిని తప్పుగా అంచనా వేసేవాడు, ఆయాసంతో ఊగేవాడు, తన్నుకు జడిసేవాడు అరంగుళం గుంపు కోసం మరో రెండు వేల డాలర్లు ఖర్చుపెట్టి ప్రయోజనం లేదు.

మరి తేలికదనం అక్కరలేదా అంటే, తప్పకుండా కావాలి. కొండమీద ప్రతి వంద గ్రాములూ సాయంత్రానికి తెలుస్తాయి. నా అభ్యంతరమంతా ఆ గ్రాములు ఎక్కడి నుంచి తీయాలన్న దాని గురించే. మనవాళ్లు రెండు కిలోల టైటానియం రైఫిలు కొని, దాని మీద కిలో బరువున్న పోటీల స్కోపు బిగిస్తారు. బరువంతా చేతికి పైన పోగుపడి, ఆ రైఫిలు పట్టుకున్న ప్రతిసారీ పక్కకు దొర్లుతుంది. 400 గ్రాములు దాటని, పది రెట్ల వరకు పెంచి చూపే స్కోపు 300 గజాల వేటకు పూర్తిగా సరిపోతుంది. ఆ ఒక్కచోటే అర కిలో మిగిలితే దాన్ని బ్యారెల్‌కు ఇవ్వండి. కడ్డీ వ్యాసం పదోవంతు తగ్గితే దాని బిగువులో మూడోవంతు పోతుంది. పెన్సిలులాంటి బ్యారెల్ మూడో గుండుకే వేడెక్కి, గుండు పడే చోటు జరగడం మొదలుపెడుతుంది. కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ అదే మందం ఉన్న ఉక్కు బ్యారెల్ కన్నా తేలిక అన్నది నిజం, కానీ సన్నని ఉక్కు బ్యారెల్ కన్నా తేలిక కాదు. ఈ తేడా అడగకుండా డబ్బు కట్టేవారిని చాలామందిని చూశాను.

వేటకూ లక్ష్యం మీద సూటిగా కాల్చడానికీ ఒకే రైఫిలు కావాలనేవారు ఇంకొక సంగతి గమనించాలి. వేట పరిస్థితులను పోలిన ఎన్‌ఆర్‌ఎల్ (నేషనల్ రైఫిల్ లీగ్) హంటర్ పోటీల్లో తేలిక విభాగానికి పరిమితి 12 పౌండ్లు, అంటే 5.4 కిలోలు. అక్కడ తేలిక అని పిలిచే తుపాకి కొండమీద మోసేవాడికి గుదిబండ. పోటీల్లో గుండు తర్వాత గుండు, అదీ గడియారం చూసుకుంటూ కాల్చాలి. తన్ను తక్కువగా ఉండి, గుండు ఎక్కడ పడిందో స్కోపులోనే కనిపించాలంటే బరువు కావలసిందే. వేటలో కావలసింది చల్లని బ్యారెల్ నుంచి వచ్చే మొదటి గుండు. సూటిదనం అంటే ఆ మొదటి గుండే అనుకునేవారికి ఒకే రైఫిలు రెండు పనులూ చేస్తుంది. వరుసగా ఇరవై గుండ్లు అనుకునేవారు రెండు రైఫిళ్లు కొనుక్కోవాలి, మధ్యేమార్గం లేదు.

నేను ఇప్పుడు మోసేది టిక్కా టీ3ఎక్స్ లైట్, 6.5 క్రీడ్‌మోర్. ఫిన్లాండులోని రీహిమాకి పట్టణంలో సాకో సంస్థ తయారుచేస్తుంది. ఒట్టిగా 2.9 కిలోలకు అటూఇటూ ఉంటుంది. దాని స్టాక్, అంటే భుజానికి ఆనించే పిడి, ప్లాస్టిక్, చేత్తో తడితే డొల్లగా మోగుతుంది, చూపుకు ఆనదు. కానీ బోల్ట్ నూనె రాసినట్టు జారుతుంది, ట్రిగ్గర్ తేలిగ్గా, ప్రతిసారీ ఒకేలా తెగుతుంది, ఈ రెండూ కంగారులో ఉన్న చేతికి చేసే మేలు ఏ టైటానియమూ చేయలేదు. 6.5 క్రీడ్‌మోర్ ఎల్క్‌కు చాలదనేవారు ఉన్నారు. కొలరాడో నిబంధన ప్రకారం ఎల్క్‌కు కనీసం 6 మిల్లీమీటర్ల వ్యాసం, విచ్చుకునే రకం 85 గ్రెయిన్ల గుండు, 100 గజాల దగ్గర 1,000 ఫుట్ పౌండ్ల శక్తి ఉండాలి. 143 గ్రెయిన్ల గుండు 300 గజాల దగ్గర కూడా అంతకన్నా సగం పైగా ఎక్కువ శక్తితో వెళుతుంది. నేను 300 గజాలు దాటి కాల్చను. ఇంకాస్త బరువైన గుండు కావాలనేవారికి 7ఎంఎం-08 రెమింగ్టన్ గానీ, 1952 నుంచి ఉన్న 308 వించెస్టర్ గానీ చాలు. తేలిక తుపాకిలో మాగ్నమ్ మాత్రం పెట్టకండి. మజిల్ బ్రేక్ (వాయువులను పక్కలకు మళ్లించే మూతి బిగింపు) పెడితే తన్ను తగ్గుతుందన్నది నిజమే, కానీ ఆ శబ్దం పక్కకు తిరిగి మీ చెవినీ, పక్కనున్నవాడి చెవినీ శాశ్వతంగా దెబ్బతీయగలదు.

వీసా మీద ఉన్న మిత్రులకు ఒక మాట. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. దుకాణానికి వెళ్లకముందే ఆ నియమాలు న్యాయవాదితో సరిచూసుకోండి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట లైసెన్సు కొనాలంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పూర్తి చేయాలి. అక్కడ చెప్పినవి బుద్ధిగా వినండి.

కొనేముందు దుకాణంలో రైఫిలును త్రాసు మీద పెట్టి చూడకండి. మీరు వాడబోయే స్కోపు బిగించమనండి, ఖాళీగా ఉందని రెండుసార్లు సరిచూసుకుని, వారి అనుమతితో నేలమీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి సురక్షితమైన గోడవైపు గురిపెట్టండి. పది క్షణాలు గురి ఎంత ఊగుతుందో చూడండి. దానికన్నా 400 గ్రాములు ఎక్కువున్న రైఫిలుతో మళ్లీ అదే చేయండి. ఎక్కువమందికి రెండోది నిలకడగా ఉంటుంది.

నేను ప్రతి శనివారం రేంజికి వెళ్లగానే చల్లని బ్యారెల్‌తో కూర్చుని 200 గజాల మీద ఒక్క గుండు కాలుస్తాను, ఆ కాగితం మార్చను. ఇప్పటికి దాని మీద 31 రంధ్రాలు ఉన్నాయి. 27 పది సెంటీమీటర్ల వలయంలో పడ్డాయి. బయటపడిన నాలుగింటిలో మూడు, పార్కింగు నుంచి గబగబా నడిచివచ్చి ఊపిరి కుదుటపడకముందే కాల్చినవి.