సవరణ: ‘గోల్డెన్ బుల్’ వేరు, ‘ఫుట్ ఇన్ మౌత్’ వేరు

విశాఖపట్నంలో ఇళ్లకు అందే నోటీసుల భాషపై గత వారం రాసిన వ్యాసంలో, అప్పటి అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌కు 2003లో ‘గోల్డెన్ బుల్’ అవార్డు వచ్చిందని పేర్కొన్నాను. అది తప్పు. ఆయనకు ఇచ్చింది ‘ఫుట్ ఇన్ మౌత్’ అవార్డు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఈ పొరపాటును ఎత్తిచూపారు, వారికి కృతజ్ఞుణ్ణి.

రెండింటినీ ఇచ్చేది బ్రిటన్‌లో 1979లో క్రిస్సీ మేహర్ ప్రారంభించిన ప్లెయిన్ ఇంగ్లిష్ క్యాంపెయిన్ సంస్థే అయినా, మొదటిది అర్థంకాని రాతకూ, రెండోది ప్రముఖులు నోటితో పలికిన అయోమయపు మాటకూ దక్కుతుంది. ఈ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం: నోరు జారిన మాట ఒకరిది, క్షణంలో పుట్టినది, నోటీసు మాత్రం పలువురి చేతులు మారి, సంతకం పడి, తీరిగ్గా వెలువడుతుంది.

ఆ సంస్థ వేలెత్తి చూపడానికే పరిమితమన్నట్టు నా వ్యాసం ధ్వనించింది. స్పష్టంగా ఉన్న పత్రాలకు అది 1990 నుంచి ‘క్రిస్టల్ మార్క్’ ముద్ర కూడా ఇస్తోంది.

గాజువాకలోని మా పిన్ని, ‘చర్య గైకొనబడును’ అన్న నోటీసును పక్కింటివారితో చదివించుకున్న ఉదంతంలో మార్పేమీ లేదు.