స్వర్ణముఖి ఒడ్డున గోడలు కట్టొద్దు

నిన్న మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన అహ్మదాబాద్‌లో నదికి రెండు పక్కలా గోడలు కట్టి చేసిన సబర్మతి రివర్‌ఫ్రంట్ ఫొటో పెట్టి, "గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీ చదును చేసి, స్వర్ణముఖి ఒడ్డున ఇట్లా కడితే తిరుపతి ఎక్కడికో పోతుంది" అన్నాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టినారు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఫ్యాక్టరీకి మా నాయన చెరుకు తోలినాడు. చెరుకు కోయమని ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ వచ్చిందంటే మా ఇంట్లో పండగే. చిన్నప్పుడు నేనూ ట్రాక్టర్ ఎక్కి పోయేవాణ్ణి. కాటా దగ్గర రాత్రంతా లైన్. ట్రాలీ కింద గోతం పరుచుకుని పడుకుంటే పిప్పి పొగ, మడ్డి వాసన ముక్కులోకి దిగేవి. తెల్లారి ఇంటికొచ్చినా చొక్కాకి అదే వాసన. మూతపడి ఏళ్లయింది. ఆ స్థలం బాగుపడాలని నాకూ ఉంది, జాస్తీగానే ఉంది. కానీ చదును చేసి గోడ కడితే బాగుపడినట్టా?

సబర్మతిలో నిండుగా కనబడేది నర్మద కాలవ నీళ్లు. ఒడ్డున బతికే వేల కుటుంబాలను అక్కడి నుంచి లేపేసి కట్టినారు దాన్ని. మనం ఏ నర్మదను తెస్తాం? మనది ఏడాదిలో ముప్పాతిక భాగం ఇసుకే కనబడే ఏరు. వరద వచ్చిందంటే మాత్రం 2021 నవంబరు మాదిరి వస్తుంది. తిరుచానూరు దగ్గర ఒడ్డున ఉన్న ఇల్లు ఏట్లోకి ఒరిగిపోవడం అందరం ఫోన్లలో చూసినాం కదా. అట్లాంటి ఏటిని రెండు గోడల మధ్య బిగిస్తే ఆ నీళ్లు ఎవరింట్లోకి పోవాల?

జర్మనీలో డూయిస్‌బర్గ్ అనే ఊళ్లో 1985లో మూతపడిన ఉక్కు ఫ్యాక్టరీని కూల్చకుండానే పార్కు చేసి 1994లో తెరిచినారు. కొలుములు అట్లే ఉన్నాయి, జనం ఎక్కి చూస్తారు. గ్యాస్ ట్యాంకులో నీళ్లు నింపి డైవింగ్ నేర్పుతున్నారు. బాగా చెడిపోయిన మట్టిని విడిగా మూసిపెట్టి, మిగతా చోట్ల చెట్లను మొలవనిచ్చినారు. ఆ ప్రాంతంలోని ఎమ్షర్ నది వందేళ్లకు పైగా మురుగుకాలవ. 1992లో మొదలుపెట్టి, మురుగుకు భూమి లోపల వేరే దారి వేసి, 2021 చివరికి నదిని విడిపించినారు. దగ్గరదగ్గర ముప్పై ఏళ్లు! రిబ్బన్ కత్తిరించే తొందర ఉన్నోళ్లు చేసే పని కాదది.

మన దగ్గరా మొదట మురుగు ఏట్లో కలవకుండా చూడాల. ఇసుక తవ్వకం ఆపాల. ఫ్యాక్టరీ మట్టి, బోరు నీళ్లు పరీక్ష చేయించాల. వరద పారే జాగాలో బెంచీ కూడా వేయొద్దు, గడ్డి మొలవనీండి చాలు. మిగిలిన షెడ్లు గట్టిగా ఉంటే బెల్లానికో, కూరగాయల సంతకో వాడుకోవచ్చు.

ఇంకొకటి. అది సహకార ఫ్యాక్టరీ. ప్లాన్ గీసే ముందు షేర్ కట్టిన రైతులను కూర్చోబెట్టి అడగండి. మా నాయన షేర్ కాగితం ఇప్పటికీ బీరువాలో, పొలం పాసుపుస్తకం పక్కనే ఉంది.