టెక్కలి రాయిని టేకు చెక్క చేసిన మహానుభావులు

ఓవర్‌రైట్, అంటే ఉన్నదాని మీద కొత్తది రాసేయి అన్న బటన్ కనపడగానే నొక్కేయడమేనా? అక్కడ ఏం రాసుందో ఒక్కసారి చదవాలనిపించదా? చదువొచ్చిన వాళ్లే కదా, బీఆర్క్ చేసిన వాళ్లే కదా!

ఈరోజు మధ్యాహ్నం జరిగింది. శ్రీకాకుళంలో ఆర్కిటెక్ట్‌ని నేను. క్లయింట్ టెక్కలిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుకునే పెద్దాయన. జీవితమంతా నీలం రాయి కోసి, మెరుగు పెట్టి, లారీలకెత్తి పంపిన మనిషి. ఆయన కట్టుకోబోయే ఇంటికి మెట్లూ, పోర్టికో స్తంభాలూ, గేటు దగ్గర ర్యాంపూ తన యూనిట్‌లో కోసిన రాయితోనే ఉండాలని మొదటి రోజే చెప్పాడు. అది తప్ప ఇంకో కోరిక లేదు. విశాఖ నుంచి వచ్చిన ఇంటీరియర్ వాళ్లు ప్రొజెక్టర్ పెట్టి ఎలివేషన్ చూపించారు. మెట్లు టేకు చెక్క. స్తంభాలు టేకు చెక్క. కారెక్కే ర్యాంపు కూడా టేకు చెక్కే. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, "ఏటమ్మా ఇది? రాయి అమ్ముకునేవోడి ఇంటికి సెక్క కొట్టీసినారేటి?" అన్నాడు. నన్నే అడిగాడు. ఎందుకంటే ఆ విశాఖ బాబు అప్పటికే నా వైపు చెయ్యి చూపించి, "చిన్న రెండరింగ్ ఇష్యూ అండి, ఎక్స్‌టీరియర్ ఫైలు మేడమ్ వాళ్లది" అనేశాడు.

మేడమ్ వాళ్లది! అవును, నాదే. మీ చేతికి ఇచ్చేవరకూ అందులో రాయి రాయిలాగే ఉంది.

మా లైన్‌లో లేని ఫ్రెండ్స్‌కి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈవిడ చెక్క గురించి ఎందుకింత గొడవ పడుతోంది అనుకుంటారు. మేం ఇళ్లు గీసే సాఫ్ట్‌వేర్ పేరు రెవిట్. అందులో గోడ గీస్తే అది రెండు గీతలు కాదు, గోడే. లోపల ఇటుక, పైన ప్లాస్టర్, బయట పెయింటు అని పొరలుంటాయి. ఒక్కో పొరకీ ఒక మెటీరియల్ ఇస్తాం. ప్లాన్‌లో ఏ గీతలు కనపడాలి, త్రీడీలో ఏ రంగు, రెండర్ చేస్తే, అంటే అసలు ఇంటి ఫొటోలా బొమ్మ తీస్తే, దాని మీద ఏ ఫొటో పరుచుకోవాలి, దాని సాంద్రతెంత, వేడిని ఎంత ఆపుతుంది, అన్నీ ఆ మెటీరియల్‌లోనే దాచుకుంటాం. ఆ మెటీరియల్ ఆ ఫైల్లోనే ఉంటుంది. నా ఇంటి ఫైలుని వాళ్లు తమ ఇంటీరియర్ ఫైల్లోకి లింక్ చేసుకున్నా, అంటే చూడ్డానికి జోడించుకున్నా సరే, నా గ్రానైట్ నాది, వాళ్ల గ్రానైట్ వాళ్లది. వాళ్ల ఫైల్లో గ్రానైట్ రంగు మార్చినంత మాత్రాన నా మెట్లు మారవు.

మరి ఇదెలా మారింది? రెండు ఫైళ్లూ "యూనిఫామ్‌గా" ఉండాలని ఎవరో తెలివైనవాడు అనుకున్నాడు. మేనేజ్ ట్యాబ్‌లో ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్ స్టాండర్డ్స్ అని ఒకటుంది, ఒక ఫైల్లోని మెటీరియల్స్ లాంటివి ఇంకో ఫైల్లోకి తెచ్చుకోవడానికి. రెండు ఫైళ్లూ తెరిచి పెట్టుకుని అది నొక్కితే పొడుగాటి జాబితా వస్తుంది. కావాల్సినవాటికే టిక్ ఉంచి మిగతావి తీసేయాలి. ఒకే పేరున్నవి రెండు వైపులా కనపడితే అది పాపం మర్యాదగానే అడుగుతుంది: ఉన్నదాని మీద రాసేయనా, కొత్తవి మాత్రమే తేనా, మానేయనా అని. న్యూ ఓన్లీ నొక్కితే నా రాయి బతికేది. క్యాన్సిల్ నొక్కితే ఇంకా బాగుండేది. నొక్కింది ఓవర్‌రైట్. నొక్కి, ఆ ఫైలుని "అప్‌డేటెడ్" అని పేరు పెట్టి, షేర్డ్ డ్రైవ్‌లో నా ఫైలు ఉండాల్సిన చోట పెట్టేశారు. ఎవరు పెట్టమన్నారు? లింక్ కోసం ఇచ్చిన ఫైలుని తెరిచి మార్చమని ఎవరు చెప్పారు?

సరే, రాయి పోయి రాయే రావాలి కదా, చెక్క ఎక్కణ్నుంచి వచ్చింది అనే కదా మీ డౌటు? ఆఫీసుకొచ్చి వాళ్ల ఫైలు తెరిచి చూశాను. అక్కడ ఎవరో జూనియర్‌కి తలుపులకి టేకు కావాల్సొచ్చింది. మొదటినుంచి చెయ్యడానికి బద్ధకం. గ్రానైట్ మెటీరియల్‌ని డూప్లికేట్ కొట్టి, పేరు టేకు అని మార్చి, అప్పియరెన్స్‌లో, అంటే రెండర్‌లో కనపడే రూపంలో, ఫొటో మార్చేశాడు. ఇక్కడే ఉంది తిరకాసు. మామూలుగా డూప్లికేట్ కొడితే పేరే కొత్తది, లోపలి అప్పియరెన్స్ రెండింటికీ ఒకటే. ఉమ్మడి కాపురంలో ఉప్పు డబ్బాలో ఒక తోడికోడలు పంచదార పోస్తే అందరి పప్పూ పాడైనట్టు, ఒకచోట ఫొటో మారిస్తే దాన్ని పంచుకునే మెటీరియల్స్ అన్నీ మారిపోతాయి. ఆ అప్పియరెన్స్ ట్యాబ్‌లో పైనే చెయ్యి బొమ్మ, పక్కన ఒక అంకె ఉంటుంది. ఇది ఇన్ని మెటీరియల్స్ వాడుకుంటున్నాయి నాయనా, జాగ్రత్త అని. దాన్ని విడిగా డూప్లికేట్ చేసుకుని మార్చుకోవాలి. మా ఆఫీసులో కొత్తగా చేరిన పాలిటెక్నిక్ పిల్లకి మొదటి వారంలో నేర్పేది ఇదే. లక్షల ఫీజులు తీసుకునే చోట నేర్పరు కాబోలు.

పైగా ఆ టేకు ఫొటో వాళ్ల కంప్యూటర్ డి డ్రైవ్‌లో, ఎవరి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనో ఉంది. రెవిట్ ఫైల్లో మనం పెట్టిన ఫొటో ఉండదు, అది ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. కాబట్టి వాళ్ల దగ్గర టేకు, నా దగ్గర తెరిస్తే ఏమీ లేదు, ఉత్త బూడిద రంగు. "మా సిస్టమ్‌లో బానే ఉంది మేడమ్" అంటారు ఫోన్లో. మీ సిస్టమ్‌లో ఎందుకుండదు, బాబూ?

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఓవర్‌రైట్ అవ్వాలంటే పేర్లు అక్షరం పొల్లు పోకుండా కలవాలి. వాళ్ల ఆఫీసు విశాఖ బీచ్ రోడ్డు వైపు, నాది శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర. వాళ్ల మెటీరియల్స్ పేర్లు నా పేర్లతో ఎందుకు కలిశాయి? "టెక్కలి బ్లూ, ఫ్లేమ్‌డ్, మెట్లకి" అని నేను పెట్టుకున్న పేరు, కామాతో సహా, వాళ్ల ఫైల్లో ఏం చేస్తోంది? నాగావళి ఇసుక ప్లాస్టర్ అని నా సరదాకి పెట్టుకున్న పేరు కూడా ఉంది. విశాఖలో కూర్చుని నాగావళి ఇసుకతో వీళ్లకేం పని?

పని ఏమిటంటే, అంతకుముందు ఒక స్కూలు బిల్డింగ్ కలిసి చేసినప్పుడు నా టెంప్లేట్, అంటే నా మెటీరియల్స్ అన్నీ ముందే పెట్టుకున్న నమూనా ఫైలు, ఎత్తుకుపోయారు. అడగలేదు, చెప్పలేదు. రెవిట్‌తో వచ్చే లైబ్రరీలో అమెరికా ఇటుకా, వాళ్ల కలపా ఉంటాయి తప్ప మన ఫ్లై యాష్ ఇటుక, మన నాపరాయి, మంగుళూరు పెంకు ఉండవు. ఒక్కోదానికీ ఫొటో తీసి, కొలత సరిచూసి, ప్లాన్‌లో కనపడే గీతలు, అదే హ్యాచ్, పెట్టి తయారుచేసుకున్నాను. టెక్కలి రాయి కోసం ఎండలో యూనిట్‌కి వెళ్లి, పలక కడిగించి, నీడలోకి జరిపించి ఫొటో తీశాను. తడిగా ఉన్నప్పుడు దాని నీలం వేరు, ఆరాక వేరు. తడి ఫొటో పెడితే ఇల్లంతా స్విమ్మింగ్ పూల్‌లా వస్తుంది. ఇవన్నీ ఎవరికి కావాలి? కాపీ, పేస్ట్. తరవాత అదే టెంప్లేట్‌ని కుళ్లబెట్టి తెచ్చి నా ఫైలు మీదే పోశారు.

ఈ రాయి సంగతే చూడండి. తవ్వేది మా జిల్లాలో, దుమ్ము పీల్చేది మా మనుషులు, మార్కెట్‌లో పేరు చాలాచోట్ల వైజాగ్ బ్లూ. ఇప్పుడు మెటీరియల్ కూడా అంతే. తయారుచేసింది శ్రీకాకుళం, మార్చింది వైజాగ్, మాట పడింది మళ్లీ శ్రీకాకుళం.

చెక్కతో ఆగితే ఈ పోస్టు రాసేదాన్ని కాదు, నా దగ్గర పాత కాపీ ఉంది, రాత్రికి సరిచేసేస్తాను. వాళ్లు ఆ పాడైన ఫైల్లోంచే మెటీరియల్ టేకాఫ్ తీసి మేస్త్రీకి వాట్సాప్ పెట్టేశారు! టేకాఫ్ అంటే ఏ మెటీరియల్ ఎన్ని చదరపు అడుగులో చెప్పే పట్టీ. పేరు పట్టుకునే లెక్కేస్తుంది అది. వాళ్ల ఫైల్లోంచి వచ్చిన చెత్తలో గ్రానైట్ ఒకటి, చిన్న అక్షరాల గ్రానైట్ ఒకటి, గ్రానైట్ న్యూ ఒకటి, గ్రానైట్ ఫైనల్ ఒకటి. నెట్‌లో దొరికిన ప్రతి సోఫానీ, ప్రతి కుండీనీ లోడ్ చేస్తే వాటి వెనక వాటి మెటీరియల్స్ కూడా తోక పట్టుకుని వస్తాయి మరి. ఒకే రాయి ముక్కలుగా విడిపోయి పట్టీలో వేరే వేరే వరుసల్లో పడింది. మేస్త్రీ మొదటి వరుస చూసి, "అమ్మా, రాయి ఇంతేనా? మెట్లకే సాలదు కదా" అని ఫోన్ చేశాడు. తాపీ పట్టుకునే మనిషికి అనుమానమొచ్చింది, లాప్‌టాప్ పట్టుకునేవాళ్లకి రాలేదు.

ఇంకో మాట. కీనోట్స్ అని ఉంటాయి, డ్రాయింగ్ పక్కన రాసే చిన్న వివరణలు. వాటిని బయట ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టుకోవచ్చు. అది మార్చి ఏ ప్రాజెక్టులో రీలోడ్ కొడితే ఆ ప్రాజెక్టులో కొత్తది వచ్చేస్తుంది. రాతకి అంత సదుపాయం ఉంది. మెటీరియల్‌కి లేదు. లైబ్రరీ ఫైలు సర్వర్‌లో పెట్టుకోవచ్చు, నిజమే, కానీ అందులోంచి ప్రాజెక్టులోకి తెచ్చుకున్న క్షణం నుంచి అది విడి కాపీ. రేపు లైబ్రరీలో నీలం సరిచేస్తే ప్రాజెక్టులో పాత నీలమే ఉంటుంది. రెవిట్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, ఆర్కిక్యాడ్, వాడే మా ఫ్రెండ్ "మా దగ్గర ఆట్రిబ్యూట్ మేనేజర్ ఉంది" అని మీసం మెలేస్తాడు గానీ, అక్కడ ఒక్కో మెటీరియల్‌కీ నంబరు ఉంటుంది, నంబరు పట్టుకుని ఓవర్‌రైట్ చేస్తే కాంక్రీటు గోడ కాస్తా ఇంకేదో అయి కూర్చుంటుంది. ఎవరి బాధ వాళ్లది. 2020లో జహా హదీద్ ఆర్కిటెక్ట్స్ లాంటి పెద్ద పెద్ద ఆఫీసులే కలిసి రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్‌కి బహిరంగ లేఖ రాశాయి, డబ్బులు పెంచుతున్నారు, రెవిట్‌ని మాత్రం పెంచట్లేదు అని. వాళ్ల మాటకే దిక్కు లేనప్పుడు మా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దాటి మన గొంతు ఎవరికి వినపడుతుంది?

అందుకే మనమే జాగ్రత్త పడాలి, పడుతున్నాం కూడా. మా ఆఫీసులో ఒక తల్లి ఫైలు ఉంది. ప్రతి మెటీరియల్‌కీ ఒక చిన్న గోడ ముక్క కట్టి వరుసగా నిలబెట్టాం. మార్పు ఏదైనా ముందు అందులోనే, అదీ ఒక్కరే చెయ్యాలి. ఫొటోలన్నీ సర్వర్‌లో ఒకే ఫోల్డర్‌లో, ఆ దారి ప్రతి కంప్యూటర్ ఆప్షన్స్‌లోనూ ఇచ్చి ఉంటుంది. ఇవాళ్టి నుంచి ప్రతి పేరు ముందూ మా ఆఫీసు అక్షరాలు తగిలిస్తున్నాం, ఎవడైనా ఎత్తుకుపోతే పేరులోనే మా ముద్ర కనపడుతుంది.

ఇంత చేసినా ఆ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "సార్‌కి ఇస్తారా అండి?" ఏ సార్? ఈ ఆఫీసుకి సార్ లేడు. బోర్డు మీద నా పేరే ఉంది, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నాదే, కరెంటు బిల్లు కట్టేదీ నేనే. ఒకసారి విసుగొచ్చి మా ఆఫీస్ బాయ్‌కి ఫోన్ ఇచ్చాను. వాడితో "సార్ సార్" అంటూ ఎంత మర్యాదగా మాట్లాడారో! వాడు కూడా "సూద్దాం, సేద్దాం" అని దర్జాగా పెట్టేశాడు. "మీ శ్రీకాకుళంలో కూడా బిమ్ చేస్తున్నారా, గ్రేట్ అండి" అని మెచ్చుకునేది కూడా వీళ్లే. బిమ్ అంటే ఇలా రెవిట్ లాంటివాటిలో మోడల్ కట్టి పని చెయ్యడమే. మేం గుర్రబ్బండి మీద వచ్చి డ్రాయింగులు ఇస్తున్నామనుకున్నారా? వాళ్ల ఆఫీసులో రాత్రింబవళ్లు కూర్చుని మోడలింగ్ చేసే పిల్లల్లో ఎంతమంది రాజాం వాళ్లో, పాలకొండ వాళ్లో, బొబ్బిలి వాళ్లో ఒకసారి లెక్కపెట్టుకోమనండి.

పోస్టు రాస్తుండగానే ఆ బాబు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. సారీ లేదు, ఏమీ లేదు. "మేడమ్, మీ ఒరిజినల్ మెటీరియల్స్ ఫైల్ ఒకసారి షేర్ చేస్తారా, మా టెంప్లేట్ క్లీన్ చేసుకోవాలి" అట. మా టెంప్లేట్!

షేర్ చేస్తాను. స్కూలు బిల్డింగ్ తాలూకు నా ఫీజు బ్యాలెన్స్ ఇప్పటికీ మీ అకౌంట్స్‌లో "ప్రాసెస్‌లో" ఉంది కదా, అది ముందు నా ఖాతాలో పడనివ్వండి. పెద్దాయనకి మాత్రం రేపు పొద్దున్నే నేనే టెక్కలి వెళ్లి నా లాప్‌టాప్‌లోనే చూపిస్తాను, మీ ప్రొజెక్టర్ అక్కర్లేదు. మీ ఆఫీసు వాళ్లు కొందరు నా ఫ్రెండ్స్ లిస్టులోనే ఉన్నారని తెలుసు, స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తే అకౌంట్స్ వాళ్లని కూడా గ్రూపులో కలపండి.