మంచు సెలవు పిల్లలకేనా?

న్యూజెర్సీలో బడులు ఏడాదికి కనీసం 180 రోజులు నడవాలన్నది చట్టం కాబట్టి, మంచు వల్ల మూసిన రోజులను వసంత సెలవులను కుదించో, జూన్ చివరికి జరిపో, ఉపాధ్యాయులమైన మేము ఎలాగూ పనిచేసి భర్తీ చేస్తున్నాము. మామూలు మంచు రోజున ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో పాఠం చెప్పినా అది ఆ 180లోకి రాదు. అయినా తెల్లవారుజామున బడి మూసివేత సందేశం వచ్చిన అరగంటకే, ఉపాధ్యాయులు మాత్రం పాఠ్య ప్రణాళికలు పంపాలని, తల్లిదండ్రుల ఈమెయిళ్లకు మధ్యాహ్నంలోగా జవాబివ్వాలని మా బడి నుంచి మరో సందేశం వస్తుంది.

మొన్న వాకిట్లో అడుగు మందాన పేరుకున్న మంచును పారతో ఎత్తిపోయడానికే నాకు రెండు గంటలు పట్టింది. లోపల నా పిల్లలిద్దరూ, వాళ్ల బడి కూడా మూసేశారు కదా, అన్నానికి ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఇంకొన్ని చోట్ల ఉపాధ్యాయులను ఏకంగా బడికే రమ్మంటున్నారని స్నేహితురాళ్లు చెబితే మనసు కలుక్కుమంది. పిల్లల బస్సులు తిరగలేని రోడ్డు మీద మా కార్లు మాత్రం క్షేమంగా ఎలా వెళ్తాయి? ఆ రోజు మా పని అంత అవసరమైతే దాన్ని పనిదినంగా రాసుకుని, జూన్‌లో మాకు ఒక రోజు తగ్గించండి.