పంచమం ఊసెత్తకుండా పవర్ కార్డ్ నేర్పేవాళ్లకు

"మూడో ఫ్రెట్టు మీద చూపుడు వేలు, పక్క తీగ ఐదో ఫ్రెట్టు మీద ఉంగరం వేలు, రెండూ కలిపి మీటండి. ఇదే పవర్ కార్డ్!" గిటార్ పాఠాల వీడియోల్లో ఈ మాట విని విని విసుగొచ్చింది. (ఫ్రెట్టు అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత; పవర్ కార్డ్ అంటే కలిపి మోగించే రెండు స్వరాల జత.) చెప్పింది తప్పేమీ కాదు. అక్కడితో పాఠం ముగిసిందని చేతులు దులుపుకోవడం చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఆ రెండు స్వరాలకు ఒకదానితో ఒకటికి ఏం సంబంధం, అవి సరిగ్గా కలిసినప్పుడు చెవికి ఏం వినిపించాలి అన్నదానిపై ఒక్క ముక్క ఉండదు. వేళ్లకు చిరునామా రాసిచ్చి, చెవిని మాత్రం గుమ్మం బయటే నిలబెడతారు.

ఆ రెండింటి మధ్య ఉన్నది పంచమం. మొదటి స్వరాన్ని స అనుకుంటే రెండోది ప. ఇంగ్లీషులో పర్ఫెక్ట్ ఫిఫ్త్ అంటారు. ఒకే తీగ మీద లెక్కపెడితే ఏడు ఫ్రెట్లు వస్తాయి కదా, మరి ఈ ఐదు ఎక్కడిది అని కొత్తవాళ్లు తల గోక్కుంటారు. స, రి, గ, మ, ప అని వరుసగా పేర్లు చెబుతూ పోతే ఐదో పేరు ప. ఏడు అనేది ఫ్రెట్ల లెక్క, అంటే అర్ధస్వరాల లెక్క; ఒక ఫ్రెట్టు జరిగితే ఒక అర్ధస్వరం. ఈ ఒక్క మాట చెప్పడానికి అర నిమిషం చాలు. అది చెప్పకపోవడం వల్ల నెలల తరబడి వాయించేవాళ్లకు కూడా స్వరాల మధ్య దూరం అనేదొకటి ఉంటుందన్న ఊహే ఉండదు.

నన్నడిగితే మొదటి పాఠం రెండు తీగల మీద మొదలుపెట్టనే కూడదు. ఐదో తీగను (అన్నిటికంటే సన్నది మొదటిది, లావుది ఆరోది) ఏమీ నొక్కకుండా మీటండి. తర్వాత అదే తీగను ఏడో ఫ్రెట్టు దగ్గర నొక్కి మీటండి. తీగలో మూడింట రెండు వంతులు మాత్రమే ఇప్పుడు కంపిస్తోంది. ఖాళీ తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తే ఇది దాదాపు 165 సార్లు కంపిస్తుంది. అంటే రెండుకు మూడు. పంచమంలోని ఆ నిండుదనానికి మూలం ఇంతే. ఆ రెండు స్వరాలనూ నోటితో పాడండి. గొంతు బాగుండాల్సిన పని లేదు, ఎవరూ వినరు. ఖాళీ తీగ మీటి, ప ను ముందు గొంతులో పట్టుకుని, ఆ తర్వాతే ఏడో ఫ్రెట్టు నొక్కి సరిచూసుకోవాలి. ఈ క్రమం తిరగబడితే మీరు గిటార్‌ను అనుకరిస్తున్నట్టే తప్ప వింటున్నట్టు కాదు.

ఇప్పుడు రెండు తీగలకు రండి. మామూలు శ్రుతిలో పక్కపక్క తీగల మధ్య అయిదు ఫ్రెట్ల ఎడం ఉంటుంది. పంచమానికి ఏడు కావాలి. తక్కువైన రెండూ వేలితో కలుపుకుంటాం. ఆ ప్రసిద్ధమైన 'రెండు ఫ్రెట్లు ముందుకు' ఆకారం వెనక ఉన్న రహస్యమంతా ఇదే. మూడో తీగకూ రెండో తీగకూ మధ్య మాత్రం ఎడం నాలుగే. కాబట్టి అక్కడ మూడు ఫ్రెట్లు ముందుకు జరగాలి. రెండో తీగ నుంచి మొదటి తీగకు మళ్లీ రెండే. దీన్ని చాలామంది 'ఇక్కడ ఆకారం మారుతుంది, బట్టీ పట్టండి' అని మినహాయింపులా చెబుతారు. మారింది తీగల శ్రుతి. స్వరాల మధ్య దూరం అక్కడా ఏడే, ఇక్కడా ఏడే.

ఆకారాన్ని బట్టీ పట్టినవాళ్ల అసలు సంగతి డ్రాప్ డి శ్రుతిలో బయటపడుతుంది. ఆరో తీగను రెండు అర్ధస్వరాలు దించగానే, దానికీ ఐదో తీగకూ మధ్య ఎడం ఐదు కాస్తా ఏడవుతుంది. అంటే రెండు తీగలనూ ఒకే ఫ్రెట్టు మీద ఒక్క వేలితో నొక్కినా పంచమమే. దూరం తెలిసినవాళ్లకు ఇది తీసివేతంత తేలిక. ఆకారం మాత్రమే తెలిసినవాళ్లు మాత్రం ఇంకో వీడియో కోసం వెతుక్కోవాలి.

"కొత్తవాళ్లను సిద్ధాంతంతో బెదరగొట్టకూడదు" అనే సమాధానం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. స్వరలిపి నేర్పమని నేనెక్కడ అన్నాను? వినమంటున్నాను, అంతే. ఐదో తీగను ఖాళీగానూ, నాలుగో తీగను రెండో ఫ్రెట్టు దగ్గర నొక్కీ కలిపి మీటండి. మోగుతుండగానే నాలుగో తీగను బిగించే మరను పిసరంత వదులు చేయండి. నాదం అలలా ఊగడం మొదలవుతుంది. ఇంకాస్త వదులు చేస్తే ఊపు వేగం పెరుగుతుంది. మళ్లీ మెల్లగా బిగిస్తూ వస్తే ఆ ఊపు నెమ్మదించి, ఇక ఆగిపోయిందనిపించే చోటు ఒకటి దొరుకుతుంది. పంచమం ఉన్నది అక్కడే. శ్రుతి సరిచూసే పరికరం, ట్యూనర్, పచ్చ దీపం చూపించేది ఆ చోటికి కాస్త కిందగా, ఇంచుమించు మూడు సెకన్లకొక అల మిగిలే దగ్గర. ఆ తేడాను చెవితో పట్టుకున్న విద్యార్థికి ఇక సిద్ధాంతమంటే భయమేమిటి?

వాయించే తీరు గురించి కూడా కొంచెం. రెండే స్వరాలు కాబట్టి సులువనుకుంటారు. మోగకూడని నాలుగు తీగలను అణచడంలోనే ఉంది కష్టమంతా. స ఐదో తీగ మీద ఉంటే, చూపుడు వేలి కొసను కాస్త పైకి జరిపి ఆరో తీగకు ఆనించాలి. అదే వేలి లోపలి భాగాన్ని సన్న తీగల మీద నొక్కకుండా ఊరికే వాల్చాలి. వేళ్లు ఫ్రెట్టుకు ఆనుకుని వెనక ఉండాలి, పిడికిలి బిగించినట్టు నొక్కకూడదు. గట్టిగా నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది. అప్పుడు శ్రుతి చేసి ఏం లాభం?

డిస్టార్షన్ (నాదాన్ని కావాలని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టినప్పుడు ఈ రెండు స్వరాలే అంత బరువుగా ఎందుకు మోగుతాయో కూడా ఎవరూ చెప్పరు. డిస్టార్షన్ ఆ స్వరాల కంపనాల తేడాను కూడా కొత్త స్వరంగా పుట్టిస్తుంది. 165 లోంచి 110 తీసేస్తే 55. అది సరిగ్గా స కు ఒక స్థాయి కింద ఉన్న స! మీరు మీటని మంద్రం దానంతటదే వచ్చి చేరుతుంది. అదే డిస్టార్షన్‌లో స, గ, ప మూడూ ఉన్న పూర్తి మేజర్ కార్డ్ వాయిస్తే గాంధారం (గ) వల్ల పుట్టే తేడాలు అంత చక్కగా అతకవు, గజిబిజి అవుతుంది.

ఆ గాంధారాన్ని కలుపుకున్నప్పుడే కార్డ్ మేజరో మైనరో తేలుతుంది. ఆరో తీగ మీద మొదలయ్యే బార్ కార్డ్‌లో (చూపుడు వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కే కార్డ్) మూడో తీగను నొక్కిన నడివేలును ఎత్తి చూడండి. గాంధారం ఒక్క ఫ్రెట్టు దిగింది, మేజర్ మైనరైంది. స, ప ఉన్నచోటే ఉన్నాయి. మళ్లీ నడివేలు దించినప్పుడు ఆ గాంధారం కాస్త పదునుగా అనిపిస్తే ట్యూనర్‌ను తిట్టకండి. ఒక ఫ్రెట్టు దూరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే, గిటార్ మీద మేజర్ గాంధారం శుద్ధ నిష్పత్తి (రెండుకు మూడు లాంటి చిన్న సంఖ్యల నిష్పత్తి) కంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ. పంచమం 2 సెంట్లే తక్కువ. చెవిని పంచమంతోనే మొదలుపెట్టమనడానికి నాకున్న కారణాల్లో ఇదీ ఒకటి.